గాదెల మిద్దె కోసం గండికోట దాకా

కోవెలకుంట్ల దగ్గర మా ఊర్లో అబ్బ (తాత) కట్టించిన మిద్దె ఒకటుంది. (2022 నుంచి మాది నంద్యాల జిల్లా అంటున్నారు గానీ, నోటికి ఇంకా కర్నూలే వస్తుంది.) నాపరాతి గోడలు, పైన చౌడు మట్టి పరిచిన కప్పు. ముందు గొడ్ల చావిడి, వెనక గదిలో రెండు గాదెలు, నేలలో జొన్నల పాతర. ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చాక దానికి తాళం పడింది. మొన్న ఊరి చెక్కభజన (చేతుల్లో చెక్కలు కొడుతూ ఆడిపాడే భజన) గురువు వచ్చి, వానాకాలంలో పిల్లలకు నేర్పడానికి చోటు లేదు, ఆ మిద్దె ఇస్తారా అని అడిగాడు. "ఇద్దాం లేబ్బీ, ఇచ్చినాక మళ్లీ తాళం పడకుండా చూసుకునేదెట్లనో ముందు తెలుసుకొని రాండి" అన్నాడు చిన్నాయన. పాత కట్టడాలు చూసొద్దామని నేనూ, మా అన్నా కలిసి కారులో బయల్దేరాం. నిజం చెప్పాలంటే గండికోట చూడాలన్న ఆశ కూడా ఉంది.

జమ్మలమడుగులో రోడ్డు పక్క బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. రెండు రోజుల్లో తిన్న వాటిలో అదే బాగుంది. అక్కడి నుంచి గండికోట దాదాపు 15 కిలోమీటర్లు. బస్సులు తక్కువ, సొంత బండి లేకపోతే ఆటో మాట్లాడుకోవాల్సిందే. రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగితే మేలు.

పెన్నా లోయ గురించి, మాధవరాయస్వామి గుడి గురించి అందరూ రాసిందే. మేం పోయింది జామియా మసీదు పక్కనున్న ధాన్యాగారం కోసం. అంత పెద్దదని అనుకోలేదు. ఎండలోంచి లోపల అడుగుపెడితే కాసేపు ఏమీ కనపడలేదు, గబ్బిలాల వాసన మాత్రం తగిలింది. కళ్లు కుదురుకున్నాక తలెత్తి చూస్తే కమాను తిరిగిన రాతి కప్పు. కోటలో ఉన్నవాళ్లందరికీ తిండిగింజలు నిలవ చేసిన చోటు ఇది. తర్వాతి కాలంలో బాటసారులకు ధర్మశాలగా కూడా పనికొచ్చింది. అంటే మేం చేయాలనుకుంటున్న పని ఇక్కడ ఎప్పుడో జరిగిపోయింది. ఇప్పుడు మాత్రం జనం వచ్చి ఫోటో దిగి పోతున్నారు, అంతే.

అన్న సంచిలోంచి చెక్కలు తీశాడు. ఎందుకు తెచ్చాడో అప్పుడర్థమైంది. ఒక్క దెబ్బ కొట్టాడో లేదో, ఆ మోత కప్పుకు తగిలి తిరిగొచ్చింది. రెండోది కొట్టేసరికి మొదటిదింకా చెవుల్లోనే ఉంది. నాలుగు దెబ్బలకు తాళమంతా కలగాపులగం అయిపోయింది. "ఇరవై మంది పిల్లోళ్లు ఒక్కసారి కొడితే గురువు మాట ఎవరికీ ఇనపడదు" అన్నాడు. ఈలోపు బయట్నుంచి ఎవరో "సార్, అవి కొట్టగూడదు సార్" అని కేకేస్తే గబగబా సంచిలో దాచేశాం.

ఇక బస. టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది గానీ, మేం పోయింది శనివారం, గదుల్లేవు. ముందే బుక్ చేసుకోకపోవడం మా తప్పే. లోయ దగ్గర టెంట్లు వేసే ఒకతను 1,500కి టెంటు, భోజనం అన్నాడు. ఫోన్లో మాట తియ్యగానే ఉంది. తీరా పోతే ఇద్దరికీ కలిపి ఒక్కటే దుప్పటి, పన్నెండు టెంట్లకు ఒకే బాత్రూం. సంగటి, నాటుకోడి పులుసు రాత్రి పదిన్నరకు వచ్చాయి. అప్పటికి ముద్ద రాయైపోయింది. చెనిక్కాయల ఊరిబిండి ఉండబట్టి సరిపోయింది. రాత్రంతా గాలికి టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంటూనే ఉంది. తెల్లారి లోయ అంచున కూర్చున్నాక కోపం సగం తగ్గింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది.

మర్నాడు కడప. కారం దోశ తిని ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి పోయాం. ఒకప్పుడు అక్కడ బ్రౌన్ దొర బంగళా ఉండేది, పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు సాపు ప్రతులు (తప్పులు దిద్దిన శుభ్రమైన నకళ్లు) రాయించేవాడు. ఆ బంగళా పాడుబడి మొండిగోడలు మిగిలితే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి ఆ చోటే గ్రంథాలయం కట్టించారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కడప జిల్లా కైఫీయత్తులు (పాతకాలంలో రాసిపెట్టిన ఊళ్ల చరిత్రలు) అచ్చువేసింది వీళ్లే. గండికోటతో పోలిస్తే కట్టడంగా చూసేందుకేం లేదు. కానీ తలుపు రోజూ తెరుస్తారు, లోపల ఎవరో ఒకరు చదువుకుంటుంటారు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. అన్నకు మాత్రం ధాన్యాగారమే.

ఇంటికొచ్చాక బేల్దారి మేస్త్రిని పిలిచాం. మిద్దె మీద సిమెంటు పోయించాలన్నది నా ఆలోచన. ఆయన ఒప్పుకోలేదు. సిమెంటు వేస్తే బరువు పెరుగుతుంది, లోపలి తేమ బయటికి పోక కప్పు మోసే కట్టె దంతెలు పుచ్చిపోతాయి, ఏటా వానలకు ముందు కొత్త చౌడు తోలుకుంటే చాలన్నాడు. అది ఏటా ఎవరు తోలాలన్నదే అసలు పేచీ. ఇంటికొక బుట్ట చొప్పున మోయిస్తానని భజన గురువు మాటిచ్చాడు. చూడాలి.

పాతర మూత తీసినప్పుడు పిల్లలంతా మూగారు. లోపలికి దూకబోతున్న వాణ్ణి చిన్నాయన రెక్క పట్టి వెనక్కి లాగాడు. తాడుకు దీపం కట్టి దించితే సగం లోతుకే ఆరిపోయింది. లోపల గాలి పాడైందంటే మనిషి దిగకూడదు. మూత తీసిపెట్టి, చుట్టూ ముళ్లకంప వేసి రెండు రోజులు వదిలేశాం.

ఆ సాయంత్రం అన్న చావిడి నడిమధ్య నిలబడి చెక్కలు కొట్టాడు. పైన మట్టి కదా, మోత తిరిగి రాలేదు. దెబ్బ దెబ్బా విడివిడిగా వినపడింది. గవాచి (వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత) కింద కూర్చున్న చిన్నాయన తలూపుతూ, "ఇంగోసారి కొట్టు" అన్నాడు.