సలహా మండలిలోకి పిలుపు: ఫోన్ చేయాలా, మెయిల్ పెట్టాలా, ఊరుకోవాలా?

సాహిత్య సంస్థ సలహా మండలిలో "మీ పేరు పెట్టామండీ, త్వరలో లెటర్ వస్తుంది" అని ఎవరో పెద్దమనిషి ఫోన్‌లో అంటారు. ఆ 'త్వరలో' నెలలు దాటుతుంది. ఈలోపు విషయం బంధువులకు తెలిసిపోతే ఆ టెన్షన్ వేరు.

ఏం చేయాలన్నది, మీకు ఆ మాట చెప్పినవారి అధికారం ఎంతవరకో చూసుకుని తేల్చుకోవాలి. కేంద్ర సాహిత్య అకాడమీనే తీసుకోండి. అది గుర్తించిన 24 భాషలకూ సలహా మండళ్లున్నాయి, ఒక్కో మండలికి ఒక కన్వీనర్ ఉంటారు. ఆయన ఎవరి పేరైనా సూచించగలరు గానీ, ఆమోదించాల్సింది కార్యనిర్వాహక మండలి. రాష్ట్ర ప్రభుత్వం వేసే కమిటీలైతే మామూలుగా జీవో రావాలి. ఎన్నికల కోడ్ ఉంటే అది వచ్చే అవకాశమే తక్కువ, అప్పుడు ఊరుకోవడమే మేలు. మిగతా రోజుల్లో మాత్రం మౌనంగా ఉంటే మీకు ఆసక్తి లేదనుకునే ప్రమాదం ఉంది.

మెయిల్ పెడితే రాతపూర్వకంగా ఉంటుంది, మర్యాదగానూ ఉంటుంది. చిక్కల్లా ఒకటే: మీ పేరు ఇంకా పైకి వెళ్లకముందే నేరుగా కార్యదర్శికి రాస్తే, మీకు ముందే చెప్పిన పెద్దమనిషి ఇరుకున పడతారు. అందుకే నా ఓటు ముందు ఫోన్‌కే, అదీ ఆయనకే. "ఏమైందండీ నా సంగతి?" అని కాకుండా, "బయోడేటా ఏమైనా పంపాలా? ఆఫీసుకు మెయిల్ పెట్టమంటారా?" అని అడగండి. ఫైలు ఎక్కడుందో ఆ జవాబులోనే తెలిసిపోతుంది. ఆయన పెట్టమంటే మెయిల్ నాలుగు వాక్యాల్లో ముగించండి:

"నమస్కారం. ఫలానా తేదీన ఫలానా వారు ఫోన్‌లో సలహా మండలి సభ్యత్వం గురించి చెప్పారు. నాకు సమ్మతమే. నియామకం ఖరారైతే కాలపరిమితి, సమావేశాల తేదీలు తెలియజేయగలరు. బయోడేటా జతచేశాను."

సన్మానాలు, బిరుదుల జాబితా ఇందులో వద్దు, అవి బయోడేటాలో ఎలాగూ ఉంటాయి. ప్రయాణ ఖర్చులు, సిట్టింగ్ ఫీజు సంగతి లెటర్ వచ్చాక అడగవచ్చు.

వాట్సాప్ సందేశం ఫోన్ ఎత్తనివారికి పనికొస్తుంది. కానీ నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే మళ్లీ అదో బెంగ.

ఇక సిఫారసు. తెలిసిన ఎమ్మెల్యే చేతనో, పెద్ద రచయిత చేతనో చెప్పించడం మన దగ్గర మామూలే. పని జరగొచ్చు కూడా. అయితే సలహా మండలిలో కూర్చుని ఎవరి పుస్తకం అనువాదానికి తగినదో, ఏ సదస్సు అవసరమో చెప్పాల్సినవాళ్లు ఒకరికి బాకీపడి లోపలికి వెళితే, రేపు ఆయన మనిషి పుస్తకం ముందుకొచ్చినప్పుడు కాదనడం కష్టం. నేనైతే పదవి పోయినా ఆ దారి తొక్కను.

మెయిల్‌కు జవాబు రాకపోతే ఒక నెల ఆగి మరొక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఇక ఎదురుచూడకుండా వేరే సభలు ఒప్పేసుకోండి. ఫేస్‌బుక్ పోస్టు మాత్రం లెటర్ చేతికొచ్చాకే.