మోచేతి కుళాయిలు: మా బడిలో ఆరేళ్ళ వాడకం

ఆపరేషన్ థియేటర్ల బయట వైద్యులు చేతులు కడుక్కునే చోట కనిపించే పొడవాటి పిడి కుళాయిలను పల్నాడు ప్రాంతంలోని మా ప్రాథమిక పాఠశాల మరుగుదొడ్ల దగ్గర 2019లో ఆరు బిగించుకున్నాం. నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా పిల్లలందరూ వాడేవి అవే. వాటి బాగోగులు మొదటినుంచీ నేనే చూస్తున్నాను.

పాత కుళాయిలతో వచ్చిన చిక్కు ఇది: మరుగుదొడ్డినుంచి వచ్చిన పిల్లవాడు మురికి చేత్తోనే కుళాయి తిప్పుతాడు, సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాక కట్టేయడానికి మళ్ళీ అదే పిడిని పట్టుకుంటాడు, తనకన్నా ముందు వచ్చినవాళ్ళు వదిలిన మురికిని కూడా అంటించుకుని తిన్నగా భోజనాల వరుసలో కూర్చుంటాడు. మోచేతి పిడి పావు వంతు తిరిగితే చాలు, నీళ్ళు ఆగిపోతాయి. మోచేతులదాకా నురుగు కారుతున్న ఒకటో తరగతి పాప, పెదవి బిగబట్టి పిడిని మోచేత్తో నెట్టి, రెండు చేతులూ పైకెత్తి చూపించిన రోజున పెట్టిన ఖర్చుకు నా మనసు కుదుటపడింది.

నర్సరీ పిల్లల విషయంలో మాత్రం మొదటి ఏడాది తప్పు చేశాం. పిడి వాళ్ళ భుజాలకన్నా ఎత్తున ఉండటంతో మునివేళ్ళమీద నిలబడి చేత్తోనే లాగేవారు. రెండు కుళాయిలను సుమారు రెండడుగుల ఎత్తుకు దించాకే మోచేతులు పనిచేశాయి. నొక్కితే కాసేపు పారి తానే ఆగే రకం కూడా ఒకటి పెట్టి చూశాం కానీ, చిన్నపిల్లల బలానికి అది లొంగలేదు.

అసలు మురికి పిడికన్నా మూతిలోనే ఎక్కువ దాగి ఉంటుందని తెలిసింది, 2020 మార్చిలో మూతపడిన బడి మళ్ళీ తెరిచినప్పుడు. మూతి చివరి జల్లెడ విప్పితే లోపల ఇసుక, బోరునీటి గార, వాటికి అంటుకుని నల్లటి పాకుడు. అప్పటినుంచి నెలకోసారి జల్లెడలు విప్పి, నిమ్మరసం కలిపిన నీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోముతున్నాం. సెలవుల తర్వాత పిల్లలు రాకముందే కుళాయిలన్నీ తెరిచి, నిలవనీరు పోయేదాకా వదులుతాం.

రోజూ సాయంత్రం లీటరు నీళ్ళకు 3 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి, పైన తేరిన నీటితో పిడులు తుడిచి, పది నిమిషాలాగి మంచినీళ్ళతో కడుగుతాం. కుళాయిల గుడ్డ వేరు, మరుగుదొడ్ల గుడ్డ వేరు. ఈ ఒక్క నియమం నిలబెట్టడానికే నాకు ఏడాది పట్టింది. ఒకసారి గార పోతుందని ఎవరో యాసిడ్ పోయడంతో మెరుగు లేచిపోయి, కింది ఇత్తడికి చిలుము పట్టింది. గరుకైన ఆ పిడి ఎంత తోమినా శుభ్రం కాక మార్చేశాం. యాసిడ్ బ్లీచింగుతో కలిస్తే విషవాయువు పుడుతుంది కాబట్టి ఇప్పుడు యాసిడ్ సీసాను ఆ గదిలోకే రానివ్వడం లేదు.

కొనేటప్పుడు చేత్తో బరువు చూడండి. ఇత్తడి అని మాకు అమ్మినవాటిలో ఒకటి మెరుగుపూసిన ప్లాస్టిక్. పిల్లలు వేలాడేసరికి మూడు నెలలకే విరిగింది. ఇదీ, యాసిడ్‌తో పాడైనదీ పోగా మొదటి ఆరింటిలో మిగిలిన నాలుగూ నేటికీ పనిచేస్తున్నాయి. అయితే మా బోరునీటి ఇసుకకు రెండింటిలో లోపలి సిరామిక్ బిళ్ళలు అరిగి పిడి బిగుసుకుంది, దాంతో పిల్లలు మళ్ళీ చేతులు వేస్తున్నారు. ఆ బిళ్ళలు మార్చి, ట్యాంకు దగ్గర ఇసుక ఆపే ఫిల్టరు పెట్టించే పని ఈ సెలవుల్లో పెట్టుకున్నాం.