పాత వాల్వ్ రిగ్గు కొనేవాళ్ళకి జాగ్రత్త: "పవర్ పెంచిన సెట్టు" అంటే మూత తీయించి చూడండి

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉంటూ పాత హామ్ సెట్ల (లైసెన్సు తీసుకుని సరదాగా మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియోలు, వీటినే రిగ్గులంటాం) కోసం వెతుకుతున్న మన తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఈ మధ్య ఒక హామ్ మీట్‌లో టేబుల్ మీద అమ్మకానికి పెట్టిన యాయేసు ఎఫ్‌టీ-101ఈ ట్రాన్స్‌సీవర్ (సిగ్నల్ పంపడం, అందుకోవడం రెండూ చేసే సెట్టు) ఒకటి 32,000 రూపాయలకి కొన్నాను. దాని ట్రాన్స్‌మిటర్ భాగాన్ని ఎవరో ఇష్టం వచ్చినట్టు కెలికారు. ఆ సంగతి దాచిపెట్టి నాకు అమ్మారు. అమ్మినాయన పేరూ ఊరూ ఇక్కడ రాయను. ఎలా అమ్మాడో, లోపల ఏమేం బయటపడ్డాయో మాత్రం దాచకుండా చెబుతాను. ఆయన దగ్గర అమ్మకానికి ఇంకో సెట్టు కూడా ఉంది, దాని కోసం మనవాళ్ళే అడుగుతున్నారు.

సెట్టు మంచిదే. 1970లలో వచ్చిన రిగ్గుల్లో ఎఫ్‌టీ-101 అంత పేరు తెచ్చుకున్నవి తక్కువ. సర్క్యూట్ అంతా ట్రాన్సిస్టర్లే. వాల్వులు (గాజు ట్యూబులు) మూడే మూడు: సిగ్నల్‌ని పెంచి చివరి దశకి అందించే డ్రైవర్‌గా 12బీవై7ఏ ఒకటి, యాంటెన్నాకి పవర్ ఇచ్చే ఫైనల్స్‌గా 6జేఎస్6సీ జత. బోర్డులన్నీ ఊడదీసి మళ్ళీ గుచ్చుకునే కార్డులు. చేతిలో మీటరూ, కాస్త ఓపికా ఉంటే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన 2013 అక్టోబరులో కరెంటు, సెల్ టవర్లు పోయి ఎవరు ఎలా ఉన్నారో తెలియక మేం పడ్డ టెన్షన్ బరంపురంలో ఎవరినడిగినా చెబుతారు. ఆ తర్వాతే మాలో కొందరం హామ్ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాం. కొత్త రిగ్గు లక్ష దాటే రోజుల్లో మాబోటి వాళ్ళకి ఇలాంటి పాత సెట్లే దిక్కు. అందుకే ఈ మోసం నన్ను ఇంత బాధపెడుతోంది.

ఇక ఆ టేబుల్ దగ్గర జరిగింది. సెట్టు ఆన్ చేసి 40 మీటర్ల బ్యాండులో (7 మెగాహెర్ట్జ్ దగ్గర) పెట్టాడు. స్పీకర్‌లో స్టేషన్లు గలగలా పలికాయి. "చూడండి బాబూ, ఎంత సెన్సిటివ్‌గా ఉందో! మనం మనం తెలుగువాళ్ళం, మీకు అన్యాయం చేస్తానా?" అన్నాడు. తర్వాత మీటర్ స్విచ్ పీఓ (పవర్ అవుట్) మీద పెట్టి, మైక్‌లో ఈల వేసి చూపించాడు. ముల్లు చివరిదాకా కొట్టుకుంది. మూత తీయమని అడిగితే, "వద్దు మాస్టారూ, ఇది స్పెషల్‌గా పవర్ పెంచిన సెట్టు, కదిపితే అలైన్‌మెంట్ పోతుంది" అన్నాడు. వెనక జనం, పక్కన ఇంకో కొనుగోలుదారు, అవతల మా ట్రైన్ టైం. మన జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళు ఒక్కరోజులో వచ్చి వెళ్ళిపోతారనీ, మళ్ళీ వెనక్కి రాలేరనీ ఇలాంటి అమ్మకందార్లకి బాగా తెలుసు.

ఆయన చూపించిన రెండింటిలో ఏదీ ట్రాన్స్‌మిటర్ బాగుందని రుజువు చేయదు. ఈ సెట్టులో రిసీవర్‌కి వాల్వులతో పనే లేదు. వాల్వులని వేడిచేసే హీటర్ స్విచ్ ఆపేసినా, ఫైనల్స్ రెండూ పీకి పక్కన పెట్టినా స్టేషన్లు అంతే బాగా వినిపిస్తాయి. పీఓ ముల్లు చూపించేది కూడా వాట్లు కాదు. అది పోల్చి చూసుకోవడానికి ఇచ్చిన రీడింగు మాత్రమే. దాన్ని ఎక్కువ తక్కువ చేసే చిన్న ప్రీసెట్ సెట్టులోనే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో కాస్త తిప్పితే 30 వాట్లకి కూడా ముల్లు చివరికి వెళ్తుంది.

ఇంటికి తెచ్చి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని మింగే రెసిస్టర్), వాట్ మీటర్ తగిలించి చూస్తే 40 మీటర్లలో 45 వాట్ల దగ్గర ఆగిపోయింది. 10 మీటర్లలో పదికి మించలేదు. ఈ మోడల్‌కి కంపెనీ చెప్పిన ఇన్‌పుట్ ఎస్ఎస్‌బీలో (మాట పంపే పద్ధతిలో) 260 వాట్లు, అంటే బయటికి వందకి అటూ ఇటూగా రావాలి. కింది బ్యాండులో పవర్ వచ్చి, పై బ్యాండులో పడిపోతుంటే ముందు ఫైనల్స్‌నే అనుమానించాలి. తక్కువ పవర్ మీదే యాంటెన్నాకి కలిపి పిలిస్తే శ్రీకాకుళం ఓఎం (తోటి హామ్) ఒకాయన వెంటనే అందుకుని, "గురూ, నువ్వు ఉన్నది 7.100 మీద, నీ గొంతు 7.090 దాకా గరగరలాడుతోంది, ముందు ఆపెయ్" అన్నారు. ఆపేసి మూత తీశాను.

లోపల చూసినవి ఒక్కొక్కటే చెబుతాను, మీరు కొనబోయే సెట్టులో కూడా ఇవే వెతకాలి. పీఏ కేజ్ (ఫైనల్స్ ఉండే లోహపు పెట్టె) మూతకి సగం స్క్రూలు లేవు. ఫైనల్స్ రెండూ రెండు కంపెనీలవి, ఒకదాని మీద అచ్చు గీకేశారు. గాజు లోపల వెండిలా మెరవాల్సిన గెట్టర్ మచ్చ ఒకదానిలో అంచులు పల్చబడి గోధుమరంగుకి తిరిగింది. డ్రైవ్ హద్దు దాటకుండా ఆపే ఏఎల్‌సీ తీగ కత్తిరించి, కొసకి నల్ల స్లీవ్ తొడిగి ఒక మూలకి నెట్టేశారు. డ్రైవర్ వాల్వ్ లోపలి స్క్రీన్ గ్రిడ్‌కి వెళ్ళే దారిలో రెసిస్టర్ ఉండాల్సిన చోట ఇంటి వైరింగ్ తీగ ముక్క ఒకటి సోల్డర్ చేసి ఉంది. ఆ సోల్డర్ కూడా మెరుపు లేకుండా, ఉండలు కట్టి ఉంది. వెనక ప్యానెల్‌కి కంపెనీ చేయని రంధ్రం ఒకటి, దానికి లోపలి నుంచి నల్ల టేప్. మీటరుని ఐసీ (ఫైనల్స్ లాగే కరెంటు) మీద పెట్టి, మైక్ గెయిన్ సున్నా చేసి పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) నొక్కాను. 60 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉండాల్సిన నిలకడ కరెంటు 140 దాటింది.

గదిలో లైటు తీసేసి మళ్ళీ కొద్దిసేపు నొక్కాను. వాల్వ్ మధ్యలో హీటర్ నారింజ రంగులో కనిపించడం మామూలే. కానీ చుట్టూ ఉండే బూడిదరంగు లోహపు రేకు, అదే ప్లేటు, ఒకవైపు నుంచి ఎర్రబడుతూ వచ్చింది. ప్లేటు ఎర్రబడిందంటే వాల్వ్ మోయలేని కరెంటు లాగుతోందని అర్థం, కొన్ని సెకన్లలోనే పాడైపోతుంది. నిలకడ కరెంటుని సరిచేసే బయాస్ ప్రీసెట్ వెనక్కి తిప్పినా ఒక వాల్వ్ చల్లబడలేదు. డ్రైవర్ ప్లేటు నుంచి ఫైనల్స్ గ్రిడ్‌కి (వాల్వ్ కరెంటుని అదుపు చేసే జాలికి) వెళ్ళే కప్లింగ్ కెపాసిటర్ లీక్ అవుతోంది. గ్రిడ్ మీద నెగటివ్ వోల్టేజీ నిలవాల్సిన చోట పాజిటివ్ చేరుతోంది. పాత సెట్లలో ఈ కెపాసిటర్ వయసు మీద పడి లీకవడం మామూలే. కొన్నవాళ్ళు ఎవరైనా ముందు దాన్ని మార్చాకే కీ నొక్కడం మంచిది.

అన్నిటికంటే భయపెట్టింది పవర్ సప్లై. ఆరు వందల వోల్టులు నిలబడే చోట 450 వోల్టులకే రేటింగ్ ఉన్న కెపాసిటర్ పెట్టారు. ఆపాక ఆ వోల్టేజీని దింపేసే బ్లీడర్ రెసిస్టర్ ఒక కాలు ఊడి వేలాడుతోంది. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకినా ఆ వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది. 6జేఎస్6సీకి ప్లేటు కనెక్షన్ నెత్తి మీద టోపీలా ఉంటుంది, చెయ్యి తగిలేది మొదట దానికే. మా వీధిలో సరదాగా రేడియో నేర్చుకుంటున్న డిప్లొమా కుర్రాడు ఎప్పుడూ నా పక్కనే కూర్చుంటాడు. నా కంటే ముందు వాడు మూత తీసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. దయచేసి వాల్వ్ సెట్టు తెరిచేటప్పుడు ప్లగ్గు పీకి, ఒక చెయ్యి వెనక పెట్టుకుని, రెసిస్టర్ కట్టిన ఇన్సులేటెడ్ ప్రోబ్‌తో హైవోల్టేజీని ఛాసీకి (సెట్టు లోహపు చట్రానికి) దింపి, మీటరుతో సున్నా అని చూసుకున్నాకే ముట్టుకోండి.

ఇదంతా ఎందుకు చేస్తారు? ఒకప్పుడు అమెరికాలో సీబీ (సామాన్యులకిచ్చిన సిటిజన్ బ్యాండ్) రేడియో వాడేవాళ్ళు ఈ సెట్లని ఎగబడి కొనేవాళ్ళు. 27 మెగాహెర్ట్జ్‌లో పెట్టి, ఏఎల్‌సీ తెంపి, డ్రైవ్ పెంచి అరిచేవాళ్ళు. ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతి ఇచ్చారు, కానీ 5 వాట్ల వరకే. ఆ బ్యాండులో వంద వాట్ల సెట్టు పెట్టడం చట్టవిరుద్ధం. పోనీ పవర్ పెంచితే లాభం ఏమైనా ఉందా అంటే, వంద వాట్లని నూట యాభై చేస్తే పెరిగేది రెండు డెసిబెల్స్ కంటే తక్కువ. అవతలివాళ్ళ సెట్టులో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ ఒక్క గీత పైకి రావాలంటే పవర్ నాలుగింతలు కావాలి. అంటే వినేవాడికి తేడా తెలియదు, వాల్వులు మాత్రం కాలిపోతాయి. పైగా 6జేఎస్6సీ అసలు కలర్ టీవీల లైన్ అవుట్‌పుట్ కోసం చేసిన వాల్వ్, తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఎక్కడైనా మిగిలిన పాత స్టాకే దిక్కు. యాంటెన్నా తీగ ఇంకాస్త ఎత్తుకి కట్టుకుంటే వచ్చే లాభం ముందు ఈ మాడిఫికేషన్ ఎందుకూ పనికిరాదు.

మార్పులన్నీ చెడ్డవని నేను అనను. ఫైనల్స్ దొరక్క 6146బీ జతకి మార్చిన సెట్లు ఉన్నాయి. సాకెట్లు మార్చి, హీటర్ వైరింగ్ సరిచేసి, న్యూట్రలైజేషన్ (ఫైనల్స్ తమంతట తామే ఆసిలేట్ కాకుండా సరిచేయడం) మళ్ళీ చేసి, ఏం చేశారో కాగితం మీద గీసిచ్చిన పెద్దల పనికి దణ్ణం పెట్టాలి. తేడా ఒక్కటే. మంచి పని చేసినవాడు మూత తీసి చూపించడానికి ఆనందపడతాడు.

ఫోన్ చేస్తే అమ్మినాయన మొదట "మీకు ట్యూన్ చేయడం రాదు, మీరే కాల్చేశారు" అన్నాడు. కత్తిరించిన తీగ, గీకేసిన అచ్చు ఫొటోలు పంపాక, "మీట్‌లో కొన్నది వెనక్కి తీసుకోం" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. రసీదు ఇవ్వలేదు. సీరియల్ నంబరు ప్లేటు కూడా సగం అరగదీసి ఉంది. ఇదేమీ చిన్న విషయం కాదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చినప్పటి నుంచీ లైసెన్సు లేకుండా ఇలాంటి సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరం. అమ్మేవాళ్ళ కాల్‌సైన్, లైసెన్సు చూసి, సెట్టు మోడలు, సీరియల్ నంబరు, ఇద్దరి సంతకాలతో చిన్న కాగితమైనా రాయించుకోండి. అది రాయడానికి వెనకాడేవాడి దగ్గర కొనకండి.

కొనేముందు పట్టుకెళ్ళాల్సింది పెద్దగా ఏం లేదు. డమ్మీ లోడ్, వాట్ మీటర్ ఉంటే చాలు. లేకపోతే మీట్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి, అడిగితే కాదనరు. మూత తీయించండి. ముందు నిలకడ కరెంటు చూడండి. తర్వాత 80, 20, 10 మీటర్లలో ట్యూన్ చేయించి వాట్లు రాసుకోండి. కీ ఒక్కోసారి పది సెకన్లకి మించి నొక్కనివ్వొద్దు. వెనక ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మన 230కి దగ్గరగా కట్టి ఉందో, ఇంకా 117 మీదే ఉందో చూసుకోండి. గోపాల్‌పూర్ గాలి తగిలే మనలాంటి ఊళ్ళలో వాడిన సెట్టయితే కార్డుల అంచుల్లో పచ్చటి తుప్పు ఉందేమో కూడా చూడాలి. ఎఫ్‌టీ-101ఈఈ, 101ఈఎక్స్ మోడళ్ళలో స్పీచ్ ప్రాసెసర్ (మాటని బలంగా పంపే భాగం) ఉండదు, "101ఈ" అని చెప్పి వాటిని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. మంచి కార్డులు పీకి, పాడైనవి పెట్టి అమ్మడం కూడా తేలికే.

పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వైపు ఎవరైనా సెట్టు కొని అనుమానంగా ఉంటే బరంపురం తీసుకురండి, నా బెంచ్ మీద డబ్బులేమీ తీసుకోకుండా చూసి చెబుతాను. నాకు అమ్మినాయన ఇప్పుడు ఒక కెన్‌వుడ్ టీఎస్-520ఎస్ చూపిస్తున్నాడని విన్నాను, అది కూడా "పవర్ పెంచినదే" అంటున్నాడట. అందులో ఫైనల్స్ ఎస్2001ఏ, అంటే 6146బీ లాంటివి. నిలకడ కరెంటు దానికీ 60 మిల్లీ ఆంపియర్లే. వెనక ప్యానెల్ మీద ఎస్‌జీ (ఫైనల్స్ స్క్రీన్ గ్రిడ్) స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో పెట్టించే పరీక్ష చేయండి. రెండు వాల్వుల మీదా అచ్చు చదివి, ఫొటో తీసుకున్నాకే డబ్బు చేతికివ్వండి.