కోల్ దె రాతెస్: కనుమ సులువే, బస చూసుకుని దిగండి

సైకిల్ మీద కొండ కనుమ ఎప్పుడూ దాటనివాళ్లు మొదట ఎక్కాల్సింది స్పెయిన్‌లోని కోల్ దె రాతెస్. అలికాంతేకు ఉత్తరాన, సముద్రానికి కాస్త లోపలగా ఉంటుంది. ఎత్తు 626 మీటర్లే. పార్సెంట్ ఊరి నుంచి ఆరున్నర కిలోమీటర్లు, సగటు వాలు 5 శాతం పైచిలుకు. పక్కనున్న కాల్పేలో చలికాలంలో ప్రొఫెషనల్ జట్లు మకాం వేసి ఈ రోడ్ల మీదే సాధన చేస్తాయి. రోడ్డు నున్నగా ఉంటుంది, వాలు ఎక్కడా ఒక్కసారిగా మీద పడదు.

ఇంత మంచి కనుమను పాడుచేసేది బస. కాల్పే దగ్గర ఒక లాడ్జి తలుపు మీద సైకిల్ బొమ్మ పెట్టి, గదికి 68 యూరోలు తీసుకుంది. సైకిల్ ఉంచినందుకు ఒక్కోదానికి రాత్రికి 5 యూరోలు అదనం. ఉంచింది మాత్రం గోడల్లేని కార్ల షెడ్డులో, తాళం వేయడానికి ఒక కమ్మీ కూడా లేదు. గాలి పంపు ఉందన్నారు. అది కారు వాల్వుకు సరిపోయేది, రోడ్ సైకిల్ సన్నని వాల్వుకు పట్టదు. అన్నిటికన్నా ఘోరం, తొమ్మిదికి ముందు టిఫిన్ లేదు. జూన్‌లో తొమ్మిదిన్నరకు బయల్దేరితే ఎక్కుడు మొదలయ్యేసరికి పదకొండు దాటుతుంది, దారిలో చెట్టు నీడ దాదాపు ఉండదు. మా జట్టులో ఒకరు సగం కొండ వరకు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ కోపం న్యాయమైనదే. బుక్ చేసేముందు తాళం వేసే గది ఉందా, ఆరున్నరకు ఏదైనా తినడానికి ఇస్తారా, రెండూ రాతపూర్వకంగా అడగండి. హలోన్ లోయలో ఒక చిన్న ఇంట్లో 55 యూరోలకే తాళం గది ఇచ్చారు. రొట్టె, టమాటా, పళ్లు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి ఉంచారు. ఏడింటికల్లా రోడ్డు మీద ఉండొచ్చు.

అద్దె సైకిల్ విషయంలో గేర్లు చూడకుండా డబ్బు కట్టకండి. ముందు 34 పళ్లు, వెనక 32 ఉంటే, నిమిషానికి 70 సార్లు తొక్కితే గంటకు 9.4 కిలోమీటర్లు వస్తుంది, అంటే పైకి సుమారు 41 నిమిషాలు. అదే వేగానికి ముందు 39, వెనక 25 పళ్లున్న సైకిల్ మీద నిమిషానికి 48 తొక్కుళ్లే పడతాయి. ప్రతి తొక్కుకూ బరువంతా మోకాళ్ల మీదే. బ్రేకులు కూడా చూసుకోండి: మన దగ్గర చాలా సైకిళ్లకు ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది, అక్కడ ఎడమచేతికి. దిగుడులో కంగారుపడి అలవాటు చేత్తో నొక్కితే ఆగాల్సిన చోట ఆగరు. 28 మిల్లీమీటర్ల టైరు, 70 కిలోల మనిషి అయితే 75 పీఎస్ఐ గాలి చాలు.

కాల్పే నుంచి బెనిసా, హలోన్, అల్కలాలీ మీదుగా పార్సెంట్. శనివారం మాత్రం వద్దు, హలోన్‌లో పాత సామాన్ల సంత, కార్లతో రోడ్డు నిండిపోతుంది. పార్సెంట్‌లోనే 750 మి.లీ. సీసాలు రెండూ నింపుకోండి, దారిలో నీళ్లు దొరకవు. పైన రెస్టారెంట్ ఉంది కానీ, మూసి ఉంటే చేసేదేమీ లేదు. మొదటి కిలోమీటరులో ఉత్సాహపడి తొక్కినవాళ్లే చివర్లో ఆయాసపడతారు. మాట్లాడగలిగే ఊపిరితో ఎక్కండి. పైనుంచి బాదం, ద్రాక్ష మళ్లు, మోంత్గో కొండ, దాని వెనక సముద్రం కనిపిస్తాయి. బాదం పూత జనవరి చివర, ఫిబ్రవరిలో. వెళ్లడానికి అంతకన్నా మంచి కాలం లేదు.

పైనుంచి తార్బెనా దాకా రోడ్డు కొండ అంచునే సాగుతుంది. 1609లో మొరిస్కోలను (క్రైస్తవంలోకి మార్చిన ముస్లింల సంతతిని) వెళ్లగొట్టాక మయోర్కా ద్వీపం నుంచి వచ్చినవాళ్లు నింపిన ఊరు అది. వాళ్లు తెచ్చుకున్న పంది మాంసపు సాసేజ్ సొబ్రసాదా ఇప్పటికీ అక్కడ ప్రసిద్ధం. శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: మామూలు సలాడ్ అడిగినా దాని మీద ట్యూనా చేప వేసి తెస్తారు, ముందే వద్దని చెప్పాలి. మధ్యాహ్న భోజనం సాధారణంగా రెండింటి నుంచి నాలుగు వరకే. మేము తిన్నచోట మూడు వంటకాలు, రొట్టె, పానీయంతో 15 యూరోలు. అంత దూరం తొక్కాక ఆ ధర చాలా తక్కువ.

తార్బెనా నుంచి బొలూయా మీదుగా కయోసాకు దిగుడు. నెలల తరబడి వాన లేని రోడ్డు మీద దుమ్ము, నూనె పేరుకుంటాయి. తొలి చినుకులు పడగానే జారుతుంది, ఆ అరగంట ఆగిపోవడమే మంచిది. శరత్కాలపు కుండపోతల తర్వాత మలుపుల్లో కంకర మిగిలి ఉంటుంది. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు.

మొత్తం చుట్టు 70 కిలోమీటర్ల దగ్గర. కయోసా నుంచి తీరంలోని అల్తేయాకు చేరాక, చివర అక్కడి నుంచి కాల్పేకు ఎన్-332 రహదారి మీద మస్కరాత్ సొరంగాలు వస్తాయి, వాహనాలు ఎక్కువ. ముందు వెనక లైట్లు తప్పనిసరి, ఊరి బయట హెల్మెట్ కూడా చట్టమే. సైకిల్‌ను దాటేటప్పుడు కార్లు 1.5 మీటర్ల దూరం పాటించాలి, చాలామంది పాటిస్తారు. లైటు లేకపోయినా, ఒళ్లు అలిసిపోయినా అల్తేయాలో రైలెక్కండి. రద్దీ లేకపోతే సైకిల్‌ను ఎక్కనిస్తారు.