ముతక రికార్డింగా, పెద్ద హాలు గాంభీర్యమా: బ్లాక్ మెటల్‌కు ఏది మేలు?

నార్వే బ్లాక్ మెటల్ (హెవీ మెటల్ సంగీతంలో చీకటి నిండిన ఒక ఉగ్రమైన శాఖ) అభిమానుల మధ్య తెగని తగాదా ఒకటుంది: రికార్డింగ్ ఎంత ముతకగా ఉండాలి? 1994లోనే వచ్చిన రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన పెట్టి వింటే ముతకే మేలనేవారి వాదనలోనూ, గాంభీర్యం కావాలనేవారి వాదనలోనూ పస కనిపిస్తుంది.

డార్క్‌త్రోన్ బృందం ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’లో గిటారు, బేసు, డ్రమ్ములు అన్నీ ఫెన్‌రిజ్ ఒక్కడే వాయించాడు. గొంతు మాత్రం నోక్టర్నో కుల్టోది. రికార్డు చేసింది నాలుగే ట్రాకుల (విడివిడిగా శబ్దం పట్టే వరుసల) చిన్న యంత్రం మీద. మొదటి పాట పెట్టగానే గిటారు జోరు వానలా కమ్మేస్తుంది. డ్రమ్ముల వేగం దాదాపు చివరిదాకా మారదు. రెండు మూడు నిమిషాలు ఓపిక పడితే ఆ రొద అడుగు నుంచి దిగులు రాగం ఒకటి పైకి తేలుతుంది. అదే పాటను ఖరీదైన స్టూడియోలో కడిగి ఆరేస్తే మిగిలేది కాసిని స్వరాలు, ఒకే తాళం. ఇక్కడ గరగర కూడా ఒక వాద్యమే.

మేహెమ్ బృందం ‘డే మిస్టీరియిస్ డోమ్ సతానాస్’ తయారైంది బెర్గెన్‌లోని గ్రీగ్‌హాలెన్‌లో. సింఫనీ కచేరీలు జరిగే భవనం అది. ఇంజనీరు పిట్టెన్ చేతిలో హెల్‌హామర్ డ్రమ్ములకు చోటు దొరికింది: ఎంత వేగంలోనైనా దెబ్బ దెబ్బా విడిగా తెలుస్తుంది. అటిలా చిహార్ గొంతు చీకటి గుహలోంచి మంత్రం చదువుతున్నట్టు వస్తుంది. ఇంత పనితనం నాలుగు ట్రాకుల్లో కుక్కితే బురదే. బేసు మాత్రం ఎక్కడో అడుగున ఉంటుంది. దాన్ని వాయించినవాడే 1993లో గిటారిస్టు యూరోనిమస్‌ను హత్య చేశాడు. ఆ బేసు తీసేయమని హతుడి కుటుంబం కోరింది, అయినా అది ఆల్బమ్‌లో ఉండిపోయింది.

కాబట్టి నా లెక్క ఇది: వాయింపులో వివరం ఎక్కువుంటే గ్రీగ్‌హాలెన్ పద్ధతి, ఒకే రాగాన్ని పట్టుకుని తిప్పే పాటకు నాలుగు ట్రాకులు. కంప్యూటర్లో శుభ్రంగా రికార్డు చేసి, పైన కృత్రిమంగా గరగర చల్లే ఇప్పటి అనుకరణలు రెండింటికీ చెందవు. ఒక్కటే ఎంచుకోమంటే డార్క్‌త్రోన్ వైపే మొగ్గుతాను. కొత్తవారికి మాత్రం ముందు మేహెమ్ వినిపిస్తాను, అదీ హెడ్‌ఫోన్లలో. ఫోను స్పీకరులో రెండూ దండగే.