మెగ్నీషియం గాజు లోహంలో ఏది కలపడం మేలు: రాగి–గడోలినియమా, జింక్–కాల్షియమా?

గాజు లోహం అంటే పరమాణువులు బారులు తీరకుండా, గాజులోలా చిందరవందరగానే గట్టిపడిన లోహం. కరిగిన మెగ్నీషియాన్ని ఒక్కదాన్నే అచ్చులో పోస్తే, గట్టిపడేలోపే పరమాణువులు బారులు తీరి స్ఫటికమైపోతాయి. ఆ బారును చెడగొట్టడమే పక్కన కలిపే మూలకాల పని. మోటుగా చెప్పాలంటే, ఒకటి మెగ్నీషియం కంటే చిన్నదిగా, ఇంకొకటి పెద్దదిగా ఉండాలి. ఆ రెండింటికీ ఒకదాని మీద ఒకటికి గట్టి ఆకర్షణ ఉండాలి. మెగ్నీషియం పరమాణు వ్యాసార్థం సుమారు 160 పికోమీటర్లు. రాగి 128, గడోలినియం అనే అరుదైన లోహం 180 దరిదాపుల్లో. రెండో జట్టులో జింక్ చిన్నది, కాల్షియం 197తో బాగా పెద్దది. ఎత్తుగడ రెండు జట్లదీ ఒకటే.

పోత మందం దగ్గర, అంటే స్ఫటికం కాకుండా గాజుగానే ఎంత మందం పోయగలం అన్న లెక్కలో, రాగి జట్టుదే పైచేయి. 1991లో జపాన్‌లో మెగ్నీషియం 65, రాగి 25, గడోలినియం తరహా లోహమే అయిన యిట్రియం 10 పాళ్లతో 4 మిల్లీమీటర్ల కడ్డీ పోశారు. 2003లో యిట్రియం స్థానంలో గడోలినియం పెడితే, గాలిలోనే కరిగించి పోసినా 8 మిల్లీమీటర్లు వచ్చింది. రాగిలో కొంత తీసి వెండి వేశాక 2005 నాటికి 25 మిల్లీమీటర్లకు చేరారు. రకరకాల సైజుల పరమాణువులు ఎక్కువయ్యే కొద్దీ ద్రవం చిక్కగా, ఇరుకుగా సర్దుకుంటుంది, స్ఫటికం మొలకెత్తడానికి చోటు దొరకదు. జింక్–కాల్షియం పోత కొద్ది మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

మరి బరువో? 65, 25, 10 అనేవి పరమాణువుల లెక్కలో పాళ్లు. గడోలినియం రకాన్ని తూకంలోకి మార్చి చూడండి: మెగ్నీషియం మూడో వంతు, రాగి మూడో వంతు, గడోలినియం మూడో వంతు! వెండి కలిసిన రకంలోనైతే మెగ్నీషియం తూకంలో పావు వంతు కూడా ఉండదు. తేలికదనం కోసం మెగ్నీషియాన్ని ఎంచుకున్నవాళ్లకు ఇది కాస్త వెటకారంగానే అనిపిస్తుంది. జింక్ 30, కాల్షియం 4 కలిపినప్పుడు మెగ్నీషియం వాటా తూకంలో 43 శాతం దాకా నిలుస్తుంది.

బలంలో పెద్ద పోటీ లేదు. నొక్కి చూస్తే రెండూ 700 నుంచి 850 మెగాపాస్కళ్ల మధ్య తట్టుకుంటాయి. మామూలు మెగ్నీషియం పోత మిశ్రలోహాలకు ఇది చాలా ఎత్తు. స్ఫటికాల్లో జారిపోయే పొరలు ఇక్కడ లేకపోవడమే కారణం. ఆ జారుడు లేకపోవడమే శాపం కూడా: హద్దు దాటగానే ముక్క వంగదు, చిట్లి పొడిపొడి అవుతుంది. గడోలినియం బదులు దాని తోటి లోహం టెర్బియం వేసిన రకంలో పగులును తట్టుకునే శక్తి 2 మెగాపాస్కల్ రూట్ మీటర్ దగ్గర తేలింది, కిటికీ అద్దం కంటే కాస్త మెరుగు, అంతే. జిర్కోనియం గాజు లోహాలకు అది పదుల్లో ఉంటుంది. పైగా పోసిన రోజు వంగిన పల్చటి రిబ్బన్ కొన్ని రకాల్లో గది వేడిలోనే రోజులు గడిచే కొద్దీ పెళుసెక్కి, వేలితో వంచగానే టప్పున విరుగుతుంది. గాజుదశ ఉష్ణోగ్రత (గాజు లోహం మెత్తబడడం మొదలయ్యే వేడి) గది వేడికి మరీ దూరంగా లేకపోవడం దీనికి మూలం. మెగాపాస్కళ్లు చూసి మురిసిపోయేవాళ్లు ఈ రిబ్బన్‌ను ఒకసారి వంచి చూడాలి.

అందుకే బరువు మోసే యంత్రభాగాలకు రెండింటినీ నేను సిఫారసు చేయను. మందపాటి నమూనాలు పోసి గాజు నిర్మాణాన్ని పరిశోధించాలంటే గడోలినియం, వెండి తీసుకోండి. వాడకానికైతే నా ఓటు జింక్–కాల్షియానికే. ఎముక అతికేదాకా ఉండి తర్వాత ఒంట్లోనే కరిగిపోయే పిన్నుకు ఈ మూడూ శరీరానికి తెలిసిన మూలకాలే. మెగ్నీషియం కరిగేటప్పుడు హైడ్రోజన్ బుడగలు రావడం పాత తలనొప్పి. పరమాణువుల లెక్కలో జింక్ 28 శాతం దాటితే పైన జింక్, ఆక్సిజన్ నిండిన పొర ఏర్పడి బుడగలు బాగా తగ్గుతాయని 2009లో జ్యూరిక్ పరిశోధకులు చూపించారు. స్ఫటిక రూపంలో మెగ్నీషియం అంత జింక్‌ను తనలో కలుపుకోలేదు, గాజు రూపంలోనే అది సాధ్యం.