వెస్ట్ లఫాయెట్‌లో ఏం తినాలి, ఎక్కడ తాగాలి: ఏళ్ల తరబడి తిన్నాక రాస్తున్న సమీక్ష

ముందే ఒక మాట. ఇక్కడి పర్డ్యూ యూనివర్సిటీలో సీటొచ్చి, సూట్‌కేసులో ఆవకాయకి ఎన్ని కేజీలు కేటాయించాలా అని లెక్కలేసుకుంటున్నవాళ్లు ఇంకో కేజీ కలుపుకోండి. వెస్ట్ లఫాయెట్‌లో మన తిండి దొరకదని కాదు, దొరుకుతుంది, కానీ ఈ ఊరికి చేతనైన వంట అది కాదు. మాస్టర్స్‌కని వచ్చి, ఆ తర్వాత ఉద్యోగం కూడా ఇక్కడే దొరకడంతో ఏళ్ల తరబడి ఈ నాలుగు వీధుల్లోనే తిని, తాగి, డబ్బులు తగలేసినవాడిగా నాకు తేలిందేమిటంటే, ఒకటో రెండో ఐటమ్స్ పట్టుకుని దశాబ్దాలుగా అవే చేస్తున్న చోట కూర్చోండి, ఆరు పేజీల మెనూ చేతిలో పెడితే మాత్రం మంచినీళ్లు తాగి లేచి వచ్చేయండి.

ఊరి సంగతి తెలియనివాళ్లకి: ఇది అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఉంది. ఇండియానాపొలిస్‌కి గంట పైన, షికాగోకి రెండు గంటల పైన డ్రైవ్. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. మధ్యలో వాబాష్ నది. అవతలి ఒడ్డున లఫాయెట్, ఇవతల గుట్ట మీద యూనివర్సిటీ, దాన్ని అంటిపెట్టుకుని వెస్ట్ లఫాయెట్. ఊరంతా విద్యార్థుల టైమ్‌టేబుల్ మీదే నడుస్తుంది. ఆగస్టు చివర్లో ఎక్కడికెళ్లినా క్యూ, మే నెలలో పరీక్షలైపోతే వీధిలో మనిషి కనబడడు. కొట్లు తెరిచే టైములు కూడా దానికి తగ్గట్టే మారుతుంటాయి, బయల్దేరే ముందు ఫోన్‌లో చూసుకోండి.

నా మొదటి ఓటు ట్రిపుల్ ఎక్స్‌కే. పేరు చూసి ఇంట్లోవాళ్లకి లొకేషన్ పంపడానికి మొహమాటపడకండి, అది ఫ్యామిలీ రెస్టారెంటే, బోర్డు మీద కూడా అదే రాసి ఉంటుంది. 1929 నుంచీ ఉంది. స్టేట్ స్ట్రీట్ మీద, గుట్ట వాలులో, నారింజ నలుపు చారల బిల్డింగు, కనబడకపోవడం అన్న సమస్యే లేదు. లోపల వంకర్లు తిరిగిన కౌంటరు, దాని చుట్టూ స్టూళ్లు, అంతే. పక్క స్టూలు మీద ప్రొఫెసర్ ఉండొచ్చు, ట్రక్కు డ్రైవర్ ఉండొచ్చు, రాత్రంతా అసైన్‌మెంట్ చేసి తెల్లారాక నేరుగా ఇటే వచ్చిన కుర్రాడూ ఉండొచ్చు. మోచేతులు తగులుతాయి, ఎవరూ పట్టించుకోరు.

ట్రిపుల్ ఎక్స్ అన్నది అసలు టెక్సాస్‌లో పుట్టిన రూట్ బీర్ బ్రాండు పేరు. ఒకప్పుడు దేశమంతా దీని డ్రైవ్-ఇన్‌లు ఉండేవి, ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కే. రూట్ బీర్‌లో మందు ఉండదు, అది కూల్‌డ్రింకే. ఫ్రీజర్లోంచి తీసిన గాజు మగ్గులో పోసిస్తారు, మగ్గు బయట తెల్లగా మంచు పట్టి ఉంటుంది, చెయ్యి పెడితే వేళ్ల గుర్తులు పడతాయి, పైన నురుగు మందంగా నిలబడుతుంది. మొదటి గుక్కకి మనవాళ్లందరిదీ ఒకటే మాట: ఇదేంటి, నడుముకి రాసుకునే బామ్‌లా ఉంది! నిజంగానే దానికి కారణం ఉంది. బామ్‌లో ఘాటుగా తగిలే వింటర్‌గ్రీన్ వాసన రూట్ బీర్‌లోనూ ఉంటుంది. పూర్వం ససాఫ్రస్ అనే చెట్టు వేరుతో చేసేవాళ్లు, అందులోని సాఫ్రోల్ ఆరోగ్యానికి మంచిది కాదని 1960లో అమెరికాలో నిషేధించాక రుచిని వేరే దినుసులతో తెస్తున్నారు. రెండో మూడో మగ్గుకి అలవాటైతే ఇక వదలరు, కాకపోతే జన్మలో కాదు. నాకు అలవాటైంది, మా ఆవిడకి ఇప్పటికీ వాసన చూస్తేనే తలనొప్పి.

ఇక్కడ పేరున్న బర్గర్ డ్యువేన్ పర్విస్. 1930ల్లో పర్డ్యూకి ఫుట్‌బాల్ ఆడిన ఆటగాడి పేరది. సిర్లాయిన్ బీఫ్, చీజ్, ఉల్లిపాయ, టమాటా, పికిల్, వీటన్నిటితో పాటు మందంగా పీనట్ బటర్. నేను బీఫ్ తినను కాబట్టి రుచి గురించి సొంత సాక్ష్యం చెప్పలేను. మా గుంటూరు రూమ్మేట్ మాత్రం సెమిస్టర్ స్ట్రెస్ అంతా దీని మీదే తీర్చుకునేవాడు. వేడికి పీనట్ బటర్ కరిగి, మాంసం రసంతో కలిసి మణికట్టు దాకా కారేది, వాడు నాలుగు టిష్యూలు చుట్టుకుని మరీ తినేవాడు. పల్లీల పొడి వేసి కూర వండే ఊళ్లోంచి వచ్చాం, ఇందులో వింతేముందిరా, కారం ఒక్కటే తక్కువ అనేవాడు.

నాలాంటివాళ్లకి గుడ్లు, టోస్ట్, హ్యాష్ బ్రౌన్స్ ఉన్నాయి. హ్యాష్ బ్రౌన్స్ అంటే తురిమిన ఆలుగడ్డని పెనం మీద పరిచి కాల్చేది. అంచులు కరకరలాడాలి, మధ్యలో మెత్తగా ఉండాలి, ఇక్కడ అలాగే వస్తుంది, బాగా కాల్చమని చెబితే ఇంకా బాగుంటుంది. శాకాహారులకి ఒక హెచ్చరిక: అన్నీ ఒకే పెనం మీద కాలతాయి, పట్టింపు ఉంటే మిల్క్‌షేక్‌తో సరిపెట్టుకోండి. బిస్కెట్స్ అండ్ గ్రేవీ అని ఈ ప్రాంతంలో ప్రతి టిఫిన్ మెనూలో కనబడుతుంది, అది మన బిస్కెట్ కాదు, ఆ తెల్ల గ్రేవీలో ఉండేది పంది మాంసం, అడక్కుండా ఆర్డర్ ఇవ్వకండి.

ఇండియన్ రెస్టారెంట్ల విషయానికొస్తే పేర్లు చెప్పను, ఎందుకొచ్చిన గొడవ. ఒక చోట బటర్ చికెన్, కడాయి పనీర్, మలై కోఫ్తా మూడూ తెప్పించాం, మూడింటి గ్రేవీ ఒకటే, కళ్లు మూసుకుని తింటే ఏది ఏదో పందెం కాయొచ్చు. బిర్యానీ అడిగితే పసుపన్నంలో ఉడికించిన చికెన్ ముక్కలు కలిపి పంపారు, అడుగున మసాలా అన్న ప్రసక్తే లేదు. స్పైస్ లెవెల్ ఎంత అని అడుగుతారు, ఇండియన్ హాట్ అని గట్టిగా చెబితే పైన ఎండుకారం చల్లి తెస్తారు. మధ్యాహ్నం బఫే అయితే పర్లేదు, ఆకలి తీరుతుంది. కాస్త బాగా తినాలంటే నలుగురు కలిసి కారేసుకుని ఇండియానాపొలిస్ వెళ్లడమో, లాంగ్ వీకెండ్‌లో షికాగో డెవాన్ అవెన్యూకి పోయి కడుపు నింపుకుని వచ్చేటప్పుడు కరివేపాకు, పచ్చిమిర్చి, బియ్యం బస్తా డిక్కీలో వేసుకు రావడమో చేస్తాం. మిగతా రోజుల్లో వండుకోండి. సాంబారు పొడి, రైస్ కుక్కర్ ఉంటే ఈ ఊరిలో ఏ ఇండియన్ హోటల్ కంటే మీరే బాగా చేస్తారు, ఇది మాత్రం గ్యారంటీ.

చాన్సీ హిల్ అంటారు, క్యాంపస్ తూర్పు వైపు అంచు. అర్ధరాత్రి తిండి అంతా ఆ చుట్టుపక్కలే. మ్యాడ్ మష్‌రూమ్ అని పిజ్జా కొట్టు ఉంది, కానీ అక్కడ పిజ్జా కోసం ఎవరూ వెళ్లరు, చీజ్ స్టిక్స్ కోసం వెళ్తారు. పిండి మీద వెల్లుల్లి, దాని మీద చీజ్, పక్కన ముంచుకోవడానికి సాస్. మాంసం లేదు, కారం లేదు, ఆరోగ్యం అసలే లేదు. వేడి మీద పది నిమిషాల్లో తినేయాలి, ఇంటికి తీసుకెళ్దాం అనుకుంటే చలికాలంలో దారిలోనే రబ్బరైపోతుంది. డిస్కౌంట్ డెన్‌లో దొరికే డెన్ పాప్ ఇంకో పిచ్చి. పెద్ద గ్లాసులో నచ్చిన సోడా పట్టుకుని, చెర్రీ, వెనిలా లాంటి సిరప్‌లు పంప్ కొట్టుకుని, ఊళ్లో అన్నిటికంటే చవగ్గా తాగొచ్చు. దీన్ని చేతిలో పట్టుకోకుండా ఒక్క పర్డ్యూ విద్యార్థి కూడా గ్రాడ్యుయేట్ అయి ఉండడు. నాకైతే అంత తీపి పడదు, ఐస్ సగం పైనే వేయించుకుంటాను.

మందు సంగతి. హ్యారీస్ చాక్లెట్ షాప్ అని స్టేట్ స్ట్రీట్ మీద బోర్డు చూసి, ఊరు చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటేసుకుని వెళ్లేరు, అది బారు. 1919లో సోడాలు, మిఠాయిలు అమ్మే కొట్టుగా మొదలైంది, మద్యనిషేధం పోయాక బారైంది, పేరు మాత్రం మార్చలేదు. గోడల నిండా దశాబ్దాలుగా వచ్చినవాళ్లు రాసిన పేర్లు, తారీఖులు. ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే పక్కన గోడ మీద ఎవరి ప్రేమకథో చదువుకోవచ్చు. శుక్రవారం రాత్రి వెళ్తే గ్లాసు పట్టుకుని నిలబడడానికే చోటు ఉండదు, పక్కవాడి మాట వినబడదు. సాయంత్రం నాలుగింటికి వెళ్లండి, మనుషులు తక్కువ, బార్‌లో పనిచేసేవాళ్లు కూడా కబుర్లు చెబుతారు. 21 దాటినట్టు ఐడీ లేకపోతే లోపలికి రానివ్వరు. ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫొటో చూపిస్తే కుదరదు, ఆధార్ కార్డు చూపిస్తే నవ్వుతారు. తొందరగా ఇండియానా లైసెన్స్ తీసేసుకుంటే పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని తిరిగే టెన్షన్ పోతుంది.

ఫుట్‌బాల్ సీజన్‌లో హోమ్ మ్యాచ్ ఉన్న శనివారాల్లో బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ అని ఒక తంతు ఉంటుంది. టిఫిన్‌తో సంబంధం లేదు. ఇండియానాలో మందు అమ్మకం పొద్దున్న ఏడింటికే మొదలుపెట్టొచ్చు కాబట్టి, విద్యార్థులంతా రకరకాల వేషాలేసుకుని తెల్లవారుజాము నుంచే బార్ల ముందు క్యూ కడతారు. అరటిపండు వేషం, డైనోసార్ వేషం, సన్యాసినుల వేషంలో ఆరడుగుల కుర్రాళ్లు. మావాడొకడు పట్టు పంచె, కండువా కట్టుకుని వెళ్తే అందరూ భలే వేషం అని ఫొటోలు దిగారు, వాడి పెళ్లి బట్టలవి. ఒక్కసారైనా చూడాలి. తాగకపోయినా ఎదురుగా ఉన్న ఫుట్‌పాత్ మీద కాఫీ పట్టుకుని నిలబడితే చాలు, టికెట్ లేని సినిమా.

ఆదివారం సీసా కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవడం ఈ రాష్ట్రంలో 2018 దాకా కుదిరేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా అమ్ముతారు. బీరు తాగేవాళ్లు బాయిలర్ గోల్డ్ ఒకసారి చూడండి, నది అవతల లఫాయెట్‌లోని పీపుల్స్ బ్రూయింగ్ వాళ్లు పర్డ్యూ పేరు మీద చేసేది. తేలిగ్గా ఉంటుంది, ఎండాకాలానికి సరిపోతుంది, అంతకుమించి ఏమీ ఆశించకండి.

చాలామంది కుర్రాళ్లు చదువైపోయేదాకా వంతెన దాటరు. అదే నాకు నచ్చదు. నడిచే వంతెన ఉంది, దాటితే లఫాయెట్ డౌన్‌టౌన్. కాస్త లోపలికి వెళ్తే ఆర్నీస్, 1965 నుంచి ఉంది. పిజ్జా అప్పడంలా పల్చగా కరకరలాడుతుంది, త్రికోణాలుగా కాకుండా చతురస్రాలుగా కోస్తారు. దాంతో పాటు జూనియర్ శాలడ్ చెప్పకపోతే ఈ ఊరివాళ్లు మిమ్మల్ని వింతగా చూస్తారు. హాలపీన్యో, ఉల్లిపాయ వేయించుకుని పైన చిల్లీ ఫ్లేక్స్ గుమ్మరించుకుంటే మనకి సరిగ్గా సరిపోతుంది. ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే నేను తీసుకెళ్లేది ఇక్కడికే, మా నాన్న కూడా రెండోసారి వెళ్దామన్న ఒకే ఒక్క అమెరికన్ హోటల్ ఇది.

పంది మాంసం తినేవాళ్లు ఇండియానా వదిలేలోపు టెండర్‌లాయిన్ శాండ్‌విచ్ తినాలి. మాంసాన్ని పల్చగా సాగే దాకా కొట్టి, బ్రెడ్ పొడిలో దొర్లించి నూనెలో వేయిస్తారు, అది బన్‌లోంచి నాలుగు వైపులా పళ్లెం అంచుదాకా పొడుచుకొచ్చి ఉంటుంది. బన్ ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి. వేయించిన వెంటనే తినాలి, పార్సిల్ చేస్తే మెత్తబడిపోతుంది.

తీపికి ఒరిజినల్ ఫ్రోజెన్ కస్టర్డ్, కొలంబియన్ పార్క్ పక్కన, 1932 నుంచి. ఏడాది పొడవునా ఉండదు, చలికాలంలో మూసేస్తారు, తెరిచిన వారం ఊరంతా అక్కడే. ఐస్‌క్రీమ్ కంటే చిక్కగా, నోట్లో నిదానంగా కరుగుతుంది. గుడ్డు తిననివాళ్లు గమనించండి, కనీసం 1.4 శాతం గుడ్డు సొన ఉంటేనే కస్టర్డ్ అని అమ్మాలని ఇక్కడ రూలు. అడిగితే గుడ్డు లేదని కౌంటర్లో పిల్లలు తెలియక చెప్పేస్తారు, నమ్మకండి.

బిల్లు దగ్గర కొత్తవాళ్లకి షాక్ తగులుతుంది. మెనూ ధర మీద రాష్ట్ర పన్నే 7 శాతం. దాని పైన టిప్. ఇండియానాలో వడ్డించేవాళ్లకి చట్టం ప్రకారం యజమాని గంటకి నేరుగా ఇవ్వాల్సిన కనీస జీతం 2.13 డాలర్లే, మిగతాది మీ టిప్ నుంచే వాళ్లకి రావాలి. టిప్ ఎగ్గొట్టి బయటపడే గుంపుల్లో మనవాళ్లూ ఉంటారు, పక్కన కూర్చున్న నాకు తల కొట్టేసినట్టుంటుంది. 18 శాతం ఇవ్వలేకపోతే డెన్ పాప్ తాగి ఇంటికెళ్లండి.

సంతల గురించి తక్కువ మందికి తెలుసు. శనివారం లఫాయెట్ ఐదో వీధిలో రైతుల సంత, 1839 నుంచి జరుగుతోందని చెప్పుకుంటారు. క్యాంపస్‌లో గురువారం చిన్న సంత ఉంటుంది. వంకాయలు, బెండకాయలు దొరికిన రోజున పండగే, సూపర్‌మార్కెట్‌లో వచ్చే గుమ్మడికాయంత వంకాయకీ వీటికీ పోలికే లేదు. జూలై, ఆగస్టుల్లో స్వీట్ కార్న్ కొనండి, ఆ పొద్దున్నే చేలో విరిచి తెచ్చినవి. అపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ పొయ్యి మీద కాల్చాలని చూడకండి, పొగ అలారం మోగి బిల్డింగంతా చెప్పుల్లేకుండా కిందికి దిగుతుంది. ఆవరణలో గ్రిల్ ఉంటుంది, నిమ్మకాయ, ఉప్పూ కారం పట్టుకుని అక్కడికెళ్లండి, వాసనకి పక్క ఫ్లాట్లవాళ్లు కూడా వస్తారు కాబట్టి డజనుకి తక్కువ కొనకండి.